బంతికీళ్ల బొమ్మకు ఏ పుస్తకం?

తెలుగులో 'కీలుబొమ్మ' అనే మాటకు మంచి పేరు లేదు. సొంత బుద్ధి లేనివాడని, ఎవరో ఆడించినట్లు ఆడేవాడని ఒక మనిషిని నిందించడానికే పత్రికలు ఆ మాటను వాడుతూ వచ్చాయి. అసలు కీలుబొమ్మను చేయడం ఎంత కష్టమో తెలిసినవారు ఆ నిందను అంత తేలికగా వాడలేరు. మెడ, భుజం, మోచేయి, మణికట్టు, తుంటి, మోకాలు, చీలమండ, ఇన్ని చోట్ల విడివిడి ముక్కలుగా ఉండి, లోపల సాగే తాడు బిగింపు ఒక్కటే ఆధారంగా, పెట్టిన భంగిమలో నిలిచే బొమ్మను జపానువారు 'క్యూతై కన్సెత్సు నింగ్యో' అంటారు. మొదటి మాటకు గోళమని, రెండవ మాటకు కీలని అర్థం. 'నింగ్యో' అంటే బొమ్మ; అక్షరార్థం మాత్రం 'మనిషి ఆకారం'. మన పాఠశాల పుస్తకాలు భుజానికీ తుంటికీ ఉన్న కీలును 'బంతి గిన్నె కీలు' అంటాయి. ఈ బొమ్మ నిర్మాణమంతా ఆ పేరులోనే ఇమిడి ఉంది: ఒక ముక్క కొసన బంతి, ఆ బంతిని పట్టే గిన్నె రెండవ ముక్కలో.

ఈ విద్యకు గురువు దొరకడం అరుదు. జపానులో ఇందుకోసం బడులే ఉన్నాయి. హైదరాబాదులోనో, నాగపూరులోనో, కొలంబోలోనో కూర్చుని నేర్చుకోదలచినవారికి పుస్తకమే గురువు. ఆ పుస్తకం కూడ తరచు దూరదేశం నుంచి, తపాలా ఖర్చూ సుంకమూ కలుపుకొని రావలసినదే. కొనేవారు అట్టమీది బొమ్మ ముఖాన్ని చూసి కొంటారు. గాజుకన్నులు, సగం తెరిచిన పెదవులు, చెంపల మీద లేత ఎరుపు చూసి, ఇంత అందమైన బొమ్మ చేసినవారు నేర్పలేరా అనుకుంటారు. ఆ అనుమానం సహజమే గాని, అందంగా చేయడం వేరు, చేసిన వరుస చెప్పడం వేరు.

ఎంపిక తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. తీరిక వేళల్లో పనిచేసేవారికి ఒక బొమ్మ పూర్తి కావడానికి నెలలు పడుతుంది. తప్పు బయటపడేది మొదటి వారంలో కాదు. ముక్కలన్నీ ఆరి, నునుపు తేలి, రంగుకు సిద్ధమై, లోపల తాడు ఎక్కించిన రోజున. బొమ్మ నిలబడదు. మోకాలు ముందుకు తన్నుకుంటుంది. తల ఒక ప్రక్కకు వాలుతుంది. కూర్చోబెట్టబోతే తొడ తుంటి గిన్నె అంచుకు తగిలి సగంలో ఆగిపోతుంది. అప్పుడు వెనుకకు వెళ్ళి దిద్దడానికి ముక్కలో మందం మిగలదు, చేసినవారిలో ఓపిక మిగలదు. ముఖం మాత్రం అట్టమీది ముఖమంత అందంగానూ ఉండవచ్చు. పెట్టెలో పడుకొని ఉంటుంది.

కనుక పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నవారు ముందుగా నడిమి పుటలు తెరవాలి. బొమ్మను తల నుంచి పాదం దాకా నిలువునా కోసినట్లు చూపే పటం అక్కడ ఉన్నదా? లోపలి బోలుతనం, గోడ మందం, బంతి కేంద్రం ఎక్కడ పడుతుందో, తాడు ఏ దారిన పోతుందో ఆ పటంలో కనిపించాలి. అది లేని పుస్తకం ఎంత ఖరీదైనదైనా చిత్రాల సంపుటమే. చిత్రాల సంపుటాలు చెడ్డవని కాదు. 1990లో మరణించిన అమానో కాతాన్ చేసిన బొమ్మలను యోషిదా ర్యో తీసిన ఛాయాచిత్రాలలో చూడడం కళ్ళకు గొప్ప శిక్షణ. కాని వాటిని చూసి కీలు చేయబూనడం, విందు ఫొటో చూసి వంట చేయబూనడం వంటిది.

ఛాయాచిత్రానికీ పద్ధతికీ మధ్య ఉన్న ఈ అగాధం ఈ కళ చరిత్రలోనే కనిపిస్తుంది. బెర్లినులో నేడు బోడె మ్యూజియం అనే పేరుతో ఉన్న భవనం ఒకప్పుడు కైజర్ ఫ్రీడ్రిక్ మ్యూజియం. అక్కడి సేకరణలో 16వ శతాబ్దపు కీళ్ల చెక్కబొమ్మల జంట ఒకటి ఉండేది. హాన్స్ బెల్మెర్ అనే కళాకారుడు 1933లో తన మొదటి బొమ్మను మొదలుపెట్టాడు. 1934లో దాని ఛాయాచిత్రాలతో ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆ బొమ్మలో కదలిక తక్కువ. మ్యూజియంలోని చెక్కబొమ్మలను చూసిన తరువాత, 1935లో చేసిన రెండవ బొమ్మకు పొట్టనే పెద్ద గోళంగా చేసి, తక్కిన అవయవాలను దాని చుట్టూ అమర్చాడు. బెల్మెర్ ఉద్దేశాలు పిల్లల ఆటకు సంబంధించినవి కావు. ఆ చిత్రాలు ఇప్పటికీ చూసేవారిని కలవరపెడతాయి. పారిస్‌లోని అధివాస్తవికవాదుల పత్రిక 'మినోటార్' ఆయన బొమ్మను లోకానికి చూపింది. మూడు దశాబ్దాల తరువాత, 1965లో, టోక్యోలో వెలువడే 'షిన్ ఫుజిన్' అనే స్త్రీల పత్రికలో షిబుసావా తత్సుహికో అనే రచయిత బెల్మెర్‌ను పరిచయం చేశాడు. ఈయన ఫ్రెంచి సాహిత్యానికి పేరుమోసిన అనువాదకుడు. ఆ పుటను చూసినవారిలో యోత్సుయా సిమోన్ ఒకడు. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. అంతకుముందే బొమ్మలు చేస్తున్నవాడు.

ఆ పుట ఆయనకు చెప్పిన సంగతి ఒక్కటే: బొమ్మకు కీళ్లుండవచ్చు, ఆ కీళ్లను దాచనక్కరలేదు. బంతిని ఎలా బోలుగా చేయాలో, తాడును ఎక్కడ కట్టాలో పత్రికలో లేదు. అది చేతులతో వెదుక్కోవలసి వచ్చింది. సిమోన్ 1978లో టోక్యోలో 'ఎకోల్ ద సిమోన్' అనే బడి పెట్టాడు. 1983లో యోషిదా ర్యో 'డాల్ స్పేస్ పిగ్మాలియన్' అనే మరొక బడి తెరిచాడు. (ఓవిడ్ కథలోని పిగ్మాలియన్‌కు ఈ బాధ లేదు, ఆయన శిల్పానికి దేవతే ప్రాణం పోసింది, కీళ్లు దానంతట అవే వచ్చాయి.) బడిలో చెప్పిన పాఠం పుస్తకమై అంగడికి రావడానికి ఇంకా కాలం పట్టింది. 'యోషిదా పద్ధతి' అని పేరులోనే చెప్పుకునే బంతికీళ్ల బొమ్మల నిర్మాణ గ్రంథాన్ని హాబీ జపాన్ సంస్థ 2006లో ప్రచురించింది. పత్రికలో ఒక బొమ్మ కనిపించిన నాటి నుంచి అప్పటికి 41 ఏళ్లు.

నడిమి పుటల పరీక్ష తరువాత చూడవలసినది పదార్థం. ఇక్కడ పొరపాటు చేసినవారే ఎక్కువ. ఒక పదార్థానికి వ్రాసిన పుస్తకాన్ని మరొక పదార్థానికి వాడబోతే పని మధ్యలో కూలిపోతుంది. జపాను పద్ధతిలో సాధారణంగా వాడేది గాలికి ఆరే రాతిపొడి మట్టి. మెత్తని రాతిపొడి, కాగితపు పీచు, జిగురు దానిలో ఉంటాయి. థర్మోకోల్ వంటి తేలికైన నురుగు దిమ్మను అవయవం ఆకారంలో సన్నగా చెక్కి, దాని మీద మట్టిని పరిచి, ఆరిన తరువాత కత్తితో రెండు చిప్పలుగా కోసి, లోపలి దిమ్మను తీసివేసి, చిప్పలను మళ్ళీ అతికిస్తారు. ఇంత శ్రమ బోలుతనం కోసమే. తాడు పోవడానికి దారి కావాలి. ఇదే పద్ధతిని ఓవెన్‌లో కాల్చే పాలిమర్ మట్టితో చేయబోతే ఏమవుతుంది? ఆ మట్టి గట్టిపడడానికి సుమారు 130 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. ఆ వేడికి లోపలి నురుగు కరిగి కుంచించుకుపోతుంది. పుస్తకం రెండు పదార్థాలనూ ఒకే గుక్కలో చెప్పి ఊరుకున్నదంటే దానిని అలమారలోనే వదలివేయడం మేలు.

పింగాణీది వేరే దారి. అక్కడ మొదట ఒక మూలరూపం చెక్కి, దానికి ప్లాస్టరు అచ్చులు తీసి, పల్చని పింగాణీ ద్రవాన్ని పోసి, ఆవంలో కాలుస్తారు. కాలినప్పుడు ముక్క నూటికి పది మొదలు ఇరవై పాళ్ల వరకు కుంచించుకుపోవచ్చు. 50 సెంటీమీటర్ల బొమ్మను అనుకొని మొదలుపెట్టినవారికి 42 సెంటీమీటర్ల బొమ్మ చేతికి వస్తుంది. అన్ని ముక్కలూ ఒకే పాలున తగ్గితే నష్టం లేదు. బంతిని ఒక మట్టితో, గిన్నెను మరొక మట్టితో చేసినవారు మాత్రం వగచవలసి వస్తుంది. గాలికి ఆరే మట్టి కూడ ఆరేటప్పుడు కొంత తగ్గుతుంది. తడిగా ఉన్నప్పుడు బంతి గిన్నెలో చక్కగా అమరిందని సంతోషించి లాభం లేదు. రెండూ పూర్తిగా ఆరిన తరువాతనే కీలును సరిచూడాలని స్పష్టంగా చెప్పని పుస్తకం బంతికీళ్ల పుస్తకం కాదు. ఆరడానికి ఇన్ని రోజులని అచ్చయిన అంకెను కోస్తా వానకాలంలో నమ్మరాదు. అంకె కంటె గుర్తు ముఖ్యం. ఆరిన మట్టి రంగు తేలుతుంది, బరువు తగ్గుతుంది, చెంపకు తాకిస్తే చల్లగా ఉండదు. ఇలాంటి గుర్తులు చెప్పే పుస్తకం ఏ వాతావరణంలోనైనా పనికివస్తుంది.

1880 ప్రాంతం నుంచి జర్మనీలో విరివిగా తయారైన బొమ్మలకు తల పింగాణీది, ఒళ్ళు మాత్రం కాగితపు గుజ్జు, రంపపు పొట్టు, జిగురు కలిపిన ముద్దతో చేసినది. కీళ్ల దగ్గర చెక్కబంతులు, లోపల సాగే తాడు. ఆ ముద్ద తెలుగువారికి కొత్తదేమీ కాదు. కొండపల్లిలో పొణికి కర్రతో చెక్కిన బొమ్మకు చేతులూ కాళ్ళూ అతికేది చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతోనే. రాతిపొడి మట్టి దొరకని ఊరిలో పుస్తకాన్ని చదివేవారికి ఈ సంగతి పనికివస్తుంది. మక్కు సహాయంతో బంతికీలు చేయడం ఎవరూ నేర్పలేదు. కాని ముద్ద స్వభావం తెలిసినవారికి పుస్తకంలోని హెచ్చరికలు త్వరగా అర్థమవుతాయి.

ఇక కీలు సంగతి. మంచి పుస్తకం ముందుగా బంతి కొలతను నిర్ణయిస్తుంది. మోకాలి లావు దాని వెంట వస్తుంది. గిన్నె మరీ లోతైతే కదలిక పోతుంది, మరీ పలచనైతే బంతి జారిపోతుంది. మోకాలు మడిచినప్పుడు తాడు కూడ వంగాలి గనుక బంతిలో పొడవాటి గాడి కోయాలి. గుండ్రని రంధ్రం ఒక్కటే చేస్తే కాలు నిటారుగానే ఉంటుంది. బొమ్మ నిలబడిన పటం మీదనే కూర్చున్న పటాన్ని కూడ చుక్కల గీతలతో వేసి చూపే పుస్తకం దొరికితే వెంటనే తీసుకోవచ్చు. తొడ వెనుక భాగమూ పిక్కా ఎక్కడ ఢీకొంటాయో, ఎక్కడ ఎంత చెక్కివేయాలో ఆ చుక్కల గీతలే చెబుతాయి. తాడు మందాన్ని బొమ్మ ఎత్తుతో జతచేసి చెప్పాలి. బిగువు ఎక్కువైతే కాలు తన్నుకుంటుంది, తక్కువైతే కూలబడుతుంది. నున్నని కీలు జారుతూ ఉంటే గిన్నె లోపల పలచని మెత్తని తోలు అతికించడం పనివారికి తెలిసిన ఉపాయం. తప్పులకు ఒక అధ్యాయాన్ని కేటాయించిన గ్రంథకర్త నిజంగా శిష్యులకు నేర్పినవాడని గ్రహించవచ్చు. తన పనిలో ఏ ముక్కా విరగలేదన్నట్లు వ్రాసేవాడు నేర్పి ఉండడు.

కొలతల దగ్గర ఒక చిన్న చిక్కు ఉంది. జపాను, ఇంగ్లీషు పుస్తకాలు బొమ్మ ఎత్తును 'ఇన్ని తలలు' అని చెబుతాయి. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఒక తల. మన శిల్పశాస్త్రంలోని తాళప్రమాణం ముఖాన్ని బట్టి పోతుంది. నవతాళ విగ్రహంలో 12 అంగుళాల ముఖం 9 రెట్లయి 108 అంగుళాలవుతుంది. ఆ అంగుళం ఇంగ్లీషు కొలబద్ద మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికే చెందిన పాలు. విగ్రహశిల్పం కొంత తెలిసినవారు 9 ముఖాలను 9 తలలుగా పొరబడి గీస్తే, చిన్న తలతో తాటిచెట్టంత బొమ్మ తయారవుతుంది.

ఇంగ్లీషు మాత్రమే చదవగలవారికి రెండు పేర్లు చెప్పవచ్చు. మట్టెల్ కంపెనీలో శిల్పిగా పనిచేసిన మార్తా ఆర్మ్‌స్ట్రాంగ్-హ్యాండ్ వ్రాసిన 'లెర్నింగ్ టు బీ ఎ డాల్ ఆర్టిస్ట్' 1999లో వెలువడింది. దాని ఉపశీర్షికలో 'శిష్యరికం' అనే అర్థం గల మాట ఉంది. ఆ మాట అలంకారానికి పెట్టినది కాదు. పింగాణీ బొమ్మను మూలరూపం నుంచి చివరిదాకా నడిపించే గ్రంథమది. ఆవం అందుబాటులో లేనివారికి కూడ, మూలరూపం చెక్కే భాగం వరకు ఉపకరిస్తుంది. సుసానా ఒరోయన్ వ్రాసిన 'అనాటమీ ఆఫ్ ఎ డాల్' 1997 నాటిది. గుడ్డ, మట్టి మొదలైన పదార్థాలతో బొమ్మ ఒళ్ళును నిర్మించే పద్ధతులను విశాలంగా చూపుతుంది. ఏ దారిన పోవాలో తేల్చుకోనివారు దానితో మొదలుపెట్టడం మంచిది. బంతికీలునే నిర్ణయించుకున్నవారికి అది ఒక్కటే చాలదు.

క్యోటోకు చెందిన వోక్స్ కంపెనీ 1999లో 'సూపర్ డాల్ఫీ' బొమ్మలను అమ్మకానికి పెట్టిన తరువాత ఈ సరదా దేశదేశాలకూ ప్రాకింది. అవి రెజిన్‌తో అచ్చుపోసినవి. అలాంటి బొమ్మ కావాలనుకునేవారు తెలుసుకోవలసినదేమంటే, మట్టితో మూలరూపం చేయడం ఒక విద్య, దానికి సిలికాన్ అచ్చు తీసి రెజిన్ పోయడం మరొక విద్య. రెండింటినీ ఒకే పుస్తకం బాగా నేర్పడం అరుదు. కొన్న బొమ్మకు అచ్చు తీసి నకళ్ళు పోసుకోవడం మూడవ విద్య; దానికి దొంగతనమని పేరు.

జపాను పుస్తకం చూసి భాష రాదని భయపడి వెనుకకు పెట్టేవారున్నారు. దానిలో కొలతలు మిల్లీమీటర్లలో, అంకెలు అందరికీ తెలిసిన అంకెలలో ఉంటాయి. ఛాయాచిత్రాలు వరుసగా ఉంటే సగం పాఠం చూపుతోనే తెలుస్తుంది. తక్కిన సగానికి సెల్‌ఫోను కెమెరాను పుట మీద పెట్టి అనువాదం చేయించుకునే వీలు నేడు ఉంది. ఆ యంత్రం వాక్యాన్ని మోసుకువస్తుంది గాని వృత్తిపదం దగ్గర తడబడుతుంది. బొమ్మ లోపలి దిమ్మకూ, దీపపు వత్తికీ, పెన్సిలు లోపలి కడ్డీకీ జపాను భాషలో ఒకటే మాట, 'షిన్'. మట్టిని పైన చేర్చడానికి వాడే 'మొరు' అనే క్రియనే పళ్ళెంలో అన్నం పెట్టడానికీ వాడతారు. మట్టిని వడ్డించి వత్తిని తీసివేయమని తెర మీద కనిపిస్తే చదివేవారు పుస్తకాన్ని తప్పుపట్టరాదు. 'మొరు' అంటే చేర్చడం, 'కెజురు' అంటే చెక్కివేయడం. ఈ రెండు క్రియలూ ఒకదాని వెంట ఒకటి ఎన్నిసార్లు వస్తాయో చూస్తే పనిలో ఎక్కువ కాలం దేనికి పోతుందో అర్థమవుతుంది. ఇలాంటి ఇరవై ముప్ఫై మాటలను ఒక కాగితం మీద వ్రాసుకొని పుస్తకంలో ఉంచుకున్నవారికి యంత్రం అవసరం కూడ క్రమంగా తగ్గుతుంది.

పాత పుస్తకాలు చౌకగా దొరుకుతాయి. శిల్పం విషయంలో అవి పాతబడవు. ఆరోగ్యం విషయంలో మాత్రం చాలా పాతబడ్డాయి. 1970ల నాటి కొన్ని కాగితపు గుజ్జు పొడులలో ఆస్బెస్టాస్ ఉండేది. పింగాణీ మీద వేసి కాల్చే రంగులలో సీసం, కాడ్మియం ఉండడం మామూలు. పింగాణీ మట్టి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. రెజిన్ పోసేటప్పుడు వచ్చే ఆవిరి, ఆరిన తరువాత గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే పొడి రెండూ హానికరమే. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలునని చెప్పే పుస్తకాన్ని ఆ ఒక్క విషయంలో వినరాదు. ధూళికి తగిన మాస్కు, తడిపి రుద్దే పద్ధతి, గాలి ఆడే గది, వంటింటి ఓవెన్‌ను పాలిమర్ మట్టికి వాడకపోవడం, ఇవి ఇటీవలి పుస్తకాలలో కనిపిస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పుటలను అన్నింటికంటె ముందు చదవాలి.

మొదటి బొమ్మ చిన్నదైతే సులువని చాలామంది అనుకుంటారు. కొన్ని పుస్తకాలు కూడ అలాగే చెబుతాయి. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ బంతి చిన్నదవుతుంది, గోడ పలచనవుతుంది, అర మిల్లీమీటరు తేడా కూడ కీలును చెడగొడుతుంది. 40 నుంచి 60 సెంటీమీటర్ల బొమ్మతో మొదలుపెట్టమనే పుస్తకం చేతుల సంగతి తెలిసి వ్రాసినది. ఆ ఎత్తు పటం మామూలు పుటలో పట్టదు. అందుచేత కొన్ని పుస్తకాలలో పటాన్ని తగ్గించి వేసి, ఎన్ని రెట్లు పెంచుకోవాలో ప్రక్కన చెబుతారు. మరికొన్నింటిలో నిజమైన కొలతతో ఉన్న పటాన్ని మడతపెట్టి వెనుక అట్టలో ఉంచుతారు. పాత ప్రతిని కొనేవారు ఆ మడత కాగితం ఉన్నదో లేదో అడగాలి. మొదటి యజమాని దానిని గోడకు అంటించుకొని, పుస్తకాన్ని మాత్రం అమ్మి ఉండవచ్చు. డబ్బు పంపేముందు ఆ కాగితాన్ని పూర్తిగా విప్పి, ప్రక్కన ఒక కొలబద్ద పెట్టి, ఫొటో తీసి పంపమని అమ్మేవారిని కోరడంలో మొహమాటపడనక్కరలేదు.